చాటలో కంప్యూటర్

పాట యాదవ్వది. ఇందులో అనుమానం ఏమీ లేదు. కరీంనగర్‌లో మా వాడలో బీడీలు చుట్టే ఏ ఆడమనిషిని అడిగినా చెప్తుంది. కానీ క్యాసెట్ వేసింది జగపతిరావు. అట్ట మీద నల్లద్దాలు పెట్టుకుని తన ఫొటో వేసుకున్నాడు, కింద రచన, గానం అని తన పేరే కొట్టించుకున్నాడు. గుట్టలు పగలగొట్టి గ్రానైట్ అమ్ముకునే మనిషికి బీడీల పాట ఎందుకో నాకు తెలియదు. గుట్టలు అయిపోయాయేమో.

పోయిన దసరాకు ఆ క్యాసెట్ వచ్చింది. చలికాలం వచ్చేసరికి చాయ్ హోటల్లో అదే, ఆటోలో అదే, పెండ్లి బ్యాండులో అదే. అంతవరకైనా ఓర్చుకునేవాళ్లం. సంఘం మీటింగుకు ఇచ్చోడ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ యాదవ్వ పాడింది విని, ప్రేమగా గడ్డం పట్టుకుని అన్నది, "మంచిగ నేర్చుకున్నవ్ బిడ్డా, అచ్చం క్యాసెట్ల పాడినట్టే పాడినవ్." యాదవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. కాపురంలో ఎన్ని చూసిందో, కంపెనీ ఏజెంటుతో ఎన్ని తిట్లు పడిందో నాకు తెలుసు. అప్పుడు కూడా అన్నం మానలేదు ఆమె.

మర్నాడు ఆమెను వెంటపెట్టుకుని నేను జగపతిరావు క్యాసెట్ల స్టూడియోకు పోయాను. బీడీ కార్మిక సంఘం కార్యదర్శిని కదా, ఎవరి గడప తొక్కడానికీ నాకు సిగ్గు లేదు. లోపల నలుగురైదుగురు పాటగాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఏమమ్మా, పాటకు పట్టా ఉంటదా?" అన్నాడు జగపతిరావు.

"దొంగతనానికి పట్టా ఉంటదా మరి?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. అదే నాకు మంట. "మా క్యాసెట్ విని మీ ఆడోళ్లే నేర్చుకున్నరు. ఇంక మీ సంఘపోళ్లను సాక్ష్యం తెస్తే వాళ్లు నీ మాటే చెప్తరు. సంఘపోళ్ల నోటిమాట కాకుండ ఏదన్న తే. నా క్యాసెట్ కన్న ముందుగాల ఆమె పాడినట్టు చూపియ్యి. పదిమందిల ఒప్పుకుంట, అట్ట మీద యాదవ్వ పేరు కొట్టిస్త."

"గీ నెల ఆఖరు ఆదివారం, మా సంఘం రూం ముందట. వస్తవా?"

"వస్త. కుర్చీ వెయ్యుర్రి."

బయటికి వచ్చాక యాదవ్వ మోరీ పక్కన ఆగిపోయింది. "అక్కా, సాంబయ్య గా డబ్బాల నా పాట పట్టిండు గద," అన్నది.

నేను కూడా మరిచిపోయిన ముచ్చట అది. మా సంఘానికి ఒకప్పుడు కంప్యూటర్ ఉండేది. ఒక డాక్టరు కొత్తది కొనుక్కుని పాతది మాకు ఇచ్చాడు. మా ఆఫీసు పని చూసే సాంబయ్య నేను చెప్తుంటే కరపత్రాలన్నీ అందులో కొట్టేవాడు. ఒకరోజు ఉషారు పుట్టి దానికి మైకు తగిలించి యాదవ్వ చేత పాడించాడు. తరవాత వానాకాలంలో పిడుగు పడి కంప్యూటర్ కాలింది. సాంబయ్యకు ఆసిఫాబాద్‌లో నౌకరీ వచ్చింది, పోయాడు. కాలిన దాంట్లో మిగిలినవి రెండు ఇనుప పెట్టెలు. అరచేతిలో పట్టేంత ఉంటాయి, మోస్తే ఇటుక బరువు. వాటిని హార్డ్ డిస్కులు అంటారు. కంప్యూటర్ జ్ఞాపకమంతా వాటిలోనే ఉంటుంది.

టెలిఫోన్ బూతు నుంచి ఆసిఫాబాద్‌కు ఫోన్ కొట్టాను. "పాట ఏ డిస్కుల పెట్టిన్నో యాదికి లేదక్కా," అన్నాడు సాంబయ్య. "ఒకటి నా తాన ఉన్నది. బస్సు డ్రైవర్‌కు ఇచ్చి పంపుత. రెండోది మీ పోశవ్వ అడిగితే ఇచ్చిన."

పోశవ్వ యాదవ్వకు తోడికోడలు. ఇద్దరి ఇండ్లకూ నడుమ ఒక్కటే గోడ. ఆ గోడ మీది నుంచి కూరలు పోతాయి, తిట్లు వస్తాయి. మేం పోయేసరికి పోశవ్వ వాకిట్లో బీడీలు చుడుతోంది. మనవరాలు పక్కన కూర్చుని దారం నములుతోంది.

"పోశీ, సాంబయ్య ఇచ్చిన ఇనుప డబ్బా ఏది?" అన్నది యాదవ్వ.

"ఏమాయె? నా పనిల ఉన్నది."

ఆ పని ఏమిటో అప్పుడు చూశాను. బీడీలు చుట్టే తునికాకును నీళ్లలో తడిపి, తడి గోనెగుడ్డలో చుట్టి, పైన బరువు పెడతాం. అప్పుడే ఆకు మెత్తగా, సాపుగా కత్తెరకు వస్తుంది. పోశవ్వ తడి గోనె మీద ఆ బరువు హార్డ్ డిస్కే. ఏడాదిన్నరగా రోజూ అక్కడే ఉందట.

"రాయి పెడితే ఆకు పగులుతది. గిది నున్నగ ఉన్నది, బరువు సరిగ్గ ఉన్నది," అన్నది పోశవ్వ. "కావాల్నంటే తీస్కపోర్రి గని, గసొంటిదే ఇంకోటి తెచ్చియ్యుర్రి."

డిస్కు అడుగున ఒక ఆకుపచ్చ పలక ఉంటుంది, సన్నసన్న తీగలతో. అది కరక్కాయ నీళ్లలో నానబెట్టినట్టు నల్లగా అయింది. యాదవ్వ దాన్ని కొంగుతో తుడిచింది. తుడిచిన కొద్దీ వాసన వచ్చింది, అచ్చం ఆకు వాసన.

ఇప్పుడు దీన్ని పెట్టి చూడటానికి ఒక కంప్యూటర్ కావాలి. కరీంనగర్‌లో కంప్యూటర్ నేర్పే దుకాణాలకు తక్కువ లేదు. చెప్పులు బయట విడవాలి, లోపల చల్లగాలి, గోడకు దేవుడి పటం. మా నల్లబారిన డిస్కును చూసి ఒకాయన ముక్కు మూసుకున్నాడు. ఇట్లాంటివి మా మిషన్లకు పెడితే జబ్బు అంటుకుంటుంది అన్నాడు. సరే, మా మిషన్ మేమే చేసుకుంటాం అని చెప్పి వచ్చాను. చేసుకోవడం ఎట్లాగో నాకు తెలియదు. కానీ ఆ చల్లటి గదిలో నిలబడి ఆ మాట అనడం బాగుండింది.

చేసింది రాయమల్లు. మా వాడవాడే. దుబాయిలో కంప్యూటర్ల గోదాములో డబ్బాలు మోసి వచ్చాడు. డబ్బాల మీది బొమ్మలు చూసి పని నేర్చుకున్నాడు. నేను గోడల మీది రాతలు చూసి చదువు నేర్చుకున్నదాన్ని. అందుకే మా ఇద్దరికీ కుదిరింది. వాడి నోరు మాత్రం డబ్బాల కన్నా పెద్దది.

"దుబాయిల షేక్ ఇంట్ల కంప్యూటర్ పాడైతే నన్నే పిలుస్తుండె అక్కా."

"బాగు చేస్తుంటివా?"

"మోస్తుంటి. మోసెటప్పుడు లోపల ఏమున్నదో బరువుతోనే తెలుస్తది."

దుబాయి నుంచి వచ్చే ప్రతి మనిషి సామానులో పక్కింటివాళ్ల సామాను కొంత ఉంటుంది. ఇది మా దగ్గర రివాజు. రాయమల్లు దోస్తులు అట్లాగే ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క మోసుకొచ్చారు. పెద్ద పలక ఒకడి రగ్గులో చుట్టుకుని వచ్చింది. మెమరీ పలకలు సెంటు సీసాల డబ్బాలో వచ్చాయి, అందులో ఒక సీసా పగిలింది. ఇక ఆ కంప్యూటర్ వేడెక్కితే చాలు, గదిలో పెండ్లివారు దిగినట్టుండేది. మీటల పలక మీద ఒక్కో మీటకు రెండు రాతలు, ఒకటి ఇంగ్లీషు, ఒకటి అరబ్బీ. మా ఆడవాళ్లకు రెండింటితోనూ సమాన దూరం. టీవీలాంటి తెర మూతపడ్డ ఒక దుకాణం నుంచి దొరికింది. మనుషుల ముఖాలు అందులో కొంచెం పచ్చకామెర్లు వచ్చినట్టు ఉంటాయి.

అన్నీ వచ్చాయి గానీ అన్నింటినీ పెట్టే పెట్టె రాలేదు.

"పెట్టె లేకుంటే ఎట్లరా?" అన్నాను.

"ఇనుము అయితే కరెంటు కొడ్తది. కట్టె అయితే మంచిది. వెదురు అయితే ఇంకా మంచిది," అని వాడు యాదవ్వ వైపు చూశాడు.

యాదవ్వ ఒడిలోంచి చాట తీసి, అందులోని పొగాకు దులిపి, ఇచ్చింది. ఆమె రోజంతా ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే చాట. రాయమల్లు పెద్ద పలకను అందులో పరిచి, మూలలకు రంధ్రాలు చూసి, బీడీ దారంతో వెదురుకు కట్టాడు. కట్టింది వాడు కాదు, వాడి ముడి జారిపోయింది. పోశవ్వ వాడి చేయి నెట్టేసి బీడీ ముడి వేసింది. ఆ ముడి మరి ఊడలేదు.

మొదటిసారి స్విచ్ వేస్తే వాడ మొత్తం ఫ్యూజు పోయింది. రాయమల్లు దాన్ని కూడా తన గొప్పే అన్నాడు, "చూసిన్రా ఎంత గుంజుతుందో." రెండోసారి వేస్తే పంకా తిరిగింది, తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. ఏం రాసి ఉందో ఎవరికీ అర్థం కాలేదు, అందరం చప్పట్లు కొట్టాం. నాకైతే గల్లీలో ఉరకాలనిపించింది. ఉరికాను కూడా, ఆ మూల దాకా. పోశవ్వ కుంకుమ భరిణ తెచ్చింది.

"అత్తా, లోపల పెట్టకు, సచ్చిపోతది," అన్నాడు రాయమల్లు.

"నీ తలకాయకు పెట్టాల్నా మరి?" అని తెరకు బొట్టు పెట్టింది.

సాంబయ్య పంపిన డిస్కు పెట్టగానే నడిచింది. కరపత్రాలు, అన్నీ నావే. పాట లేదు. అంటే పాట పోశవ్వ డిస్కులో ఉంది. అది పెడితే ఉలుకు లేదు, పలుకు లేదు. రాయమల్లు పెట్రోలుతో కడిగాడు, ఎండలో పెట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మూత విప్పుతానన్నాడు, నేను చేయి పట్టుకున్నాను. చివరికి రెండు డిస్కులనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"అక్కా, రెండు ఒక్క కంపెనీయే. ఒక్క తీరువే. మంచిదాని పలక ఊడదీసి దీనికి బిగిస్తే నడుస్తదేమో. దుబాయిల ఒకడు చేస్తుంటె చూసిన."

"చెయ్యి మరి."

"చేస్త. గని తీసెటప్పుడు ఏమన్న కాలిందనుకో, నీ కరపత్రాలు పోతయ్. పాట కూడ పోతది."

ఎన్ని కరపత్రాలవి. సమ్మెలవి, ప్రావిడెంట్ ఫండువి, మూఢనమ్మకాల మీదవి. ఒక్కోటి ఎంత కోపంతో రాసినదో. వేరే కాపీ లేదు. నేను ఆలోచిస్తుంటే యాదవ్వ నా ముఖం చూసి అన్నది, "నీ కరపత్రాలకేమాయె అక్కా, మళ్ల రాస్తవ్. అన్నిట్ల గవే మాటలు గద."

పోశవ్వ కిసుక్కున నవ్వింది. యాదవ్వ నవ్వలేదు. ఆమె చేయి మాత్రం డిస్కు మీది నుంచి తీయలేదు. "తియ్యిరా," అన్నాను.

ఆ మరలు నక్షత్రం తలకాయవి. దేనికీ తిరగవు. రాయమల్లు సైకిల్ చక్రం పుల్ల ఒకటి అరగదీసి వాటికి సరిపోయేలా చేశాడు. మంచి పలక చెడ్డ డిస్కుకు ఎక్కింది. స్విచ్ వేశాడు. డిస్కు లోపల ఏదో గిర్రున లేచింది, కుందేలు పొదలోంచి లేచినట్టు. తెర మీద పేర్లు దిగాయి. వాటిలో ఒకటి యాదవ్వ పేరే, ఇంగ్లీషులో. రాయమల్లు మీట నొక్కాడు.

ఆకు తడిపితి నేను కంటి నీళ్లతోని
దారమేసితి నేను పేగు పోగుతోని

యాదవ్వ గొంతే. రెండేండ్ల కిందటి గొంతు, ఇంకా దగ్గు అంటని గొంతు. వెనక కత్తెరల చప్పుడు. యాదవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియదు. రాయమల్లు నా చేయి పట్టుకుని ఎగిరాడు. మూడో చరణానికి కరెంటు పోయింది. ఇక ఆదివారం పొద్దటిదాకా మా వాడకు కరెంటు రాలేదు.

ఆదివారం నాడు సంఘం రూముకు కంప్యూటర్‌ను తీసుకుపోవాలి. ఆటోలో పెడితే గుంతలకు ముడులు ఊడవు గానీ మిగతావి ఊడతాయన్నాడు రాయమల్లు. "నెత్తి మీద పెట్టు," అన్నది పోశవ్వ. గుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, చాట ఎత్తుకుని, పైన ఎర్ర గుడ్డ కప్పుకుంది. వెనక రాయమల్లు తెర మోసుకుని, వాడి వెనక వాడ ఆడవాళ్లంతా. మంకమ్మతోట మలుపులో కూరగాయలమ్మే ఆమె అడిగింది, "ఏం ఎత్తుకపోతున్నరు అవ్వా?"

"పాట," అన్నది పోశవ్వ, మెడ తిప్పకుండా.

జగపతిరావు మాట ప్రకారం వచ్చాడు. కుర్చీ వేశాం. వెంట స్టూడియో మనిషిని తెచ్చుకున్నాడు. చాటను చూసి ఆ మనిషి చాలాసేపు నవ్వాడు. రాయమల్లు మా మైకు పెట్టెకు తీగ కలిపి మీట నొక్కాడు. మొదటి రెండు చరణాలు వాడంతా వినబడ్డాయి. ఆడవాళ్లు ఈలలు వేశారు.

జగపతిరావు చేయి ఎత్తాడు. "ఆపు. ఆమె గొంతే, ఒప్పుకుంట. గని నా క్యాసెట్ వచ్చినంక నిన్న మొన్న పాడిచ్చి పెట్టినరేమో. తారీఖు చూపియ్యి."

రాయమల్లు మీటలు కొట్టాడు. స్టూడియో మనిషి తెర మీదికి వంగి చదివాడు. "ఒకటో తారీఖు, జనవరి, పంతొమ్మిది వందల ఎనభై."

"ఎనభైల మీకు కంప్యూటర్ ఎక్కడిదమ్మా?" అన్నాడు జగపతిరావు.

"గా పాత కంప్యూటర్ల గడియారం బ్యాటరీ అయిపోయింది సార్," అన్నాడు రాయమల్లు. "బ్యాటరీ లేకుంటే ప్రతి దినం దానికి ఎనభైనే."

"బాగున్నది. మీ డబ్బాకు దినం తెల్వది, నేను ఓడిపోవాల్నా?" అని లేచాడు.

నిజమే మరి. యాదవ్వ రాయమల్లు వీపు మీద ఒకటి వేసింది.

"సగం పాటకు ఆపినవేందిరా? ఓడితే ఓడితి. నా పాట పూర్తిగ విననియ్యి."

వాడు మళ్లీ నొక్కాడు.

గంపెత్తుక పోతె గడపకాడ వాడు

అంతే. పాట ఆగింది. మైకులో యాదవ్వ గొంతు తడబడింది, "వాడు... వాడు... పులి లెక్క... కాదు. నక్క లెక్క... థూ."

"ఇదేంది?" అన్నాడు జగపతిరావు.

పాట కుదురుతున్న రోజు అది. మాకెవరికీ గుర్తు లేదు. మైకులో ఇంకో గొంతు వచ్చింది, ముక్కుతో మాట్లాడే గొంతు. "గింజలేరే పిచ్చుక లెక్క అనరాదు అక్కా. గా ఏజెంటు మంచి బీడీలు ఏరి పారేసేటప్పుడు అచ్చం పిచ్చుక మూతి గద వానిది."

లోపల ఆడవాళ్లు విరగబడి నవ్వారు. బయట ఆడవాళ్లూ నవ్వారు. ఆ రెండు నవ్వులూ కలిసి ఏది డబ్బాలోదో, ఏది వాడలోదో తెలియలేదు. యాదవ్వ గొంతు ఆ చరణాన్ని అందుకుంది.

గింజలేరే పిచ్చుకోలె ఏరి పారేసె

"అది నేనే," అన్నది పోశవ్వ, బయట. "పిచ్చుక నాదే."

"ఊకో పోశీ," అన్నది యాదవ్వ.

పాట అయిపోయింది. సాంబయ్య ఆపడం మరిచినట్టున్నాడు, ముచ్చట్లు సాగాయి. ఎవరి పప్పు నీళ్లలా ఉంటుందో వచ్చింది, ఎవరి మొగుడు గురక పెడతాడో వచ్చింది. వాడంతా చెవులు రిక్కించింది. అప్పుడు మళ్లీ ముక్కు గొంతు.

"రేపు పండుగ పూట సూర్యుని గ్రహణమంట అక్కా. మా కోడలు కడుపుతోని ఉన్నది. కత్తెర ముట్టద్దు, ఆకు కత్తిరియ్యద్దు అన్న. ముడితే పిల్లకు పెదవి చీలుతదంట."

"ఒక్క దినం నీ కోడలు ఆకు కత్తిరియ్యకుంటె కంపెనీ మునుగదు తియ్యి," అన్నది డబ్బాలోని యాదవ్వ.

జగపతిరావు కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. దీపావళి పూట పట్టిన గ్రహణం ఎవరికి గుర్తు లేదు? పట్టపగలు చీకటి పడితే కోళ్లు గూట్లో దూరాయి. తొంభై అయిదులో అది. ఆయన క్యాసెట్ రెండేండ్ల తరవాతది. గ్రహణం నాడు కత్తెర ముట్టుకుంటే ఏమీ కాదని నేనే కరపత్రం రాసి ఇల్లిల్లూ పంచాను, ఈ ఆడవాళ్లు ఒక్కరూ వినలేదు. వినకపోవడం ఎంత మంచిదైంది.

పోశవ్వ మనవరాలిని చంకన వేసుకుని జగపతిరావు ముందుకు పోయింది. దాని గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. "గీ పిల్లనే, దొరా. అప్పుడు కడుపుల ఉండె. సూడు, పెదవి సక్కగనే ఉన్నది."

పిల్ల ఆయన నల్లద్దాలు లాగింది. స్టూడియో మనిషి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. జగపతిరావు అద్దాలు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, మైకు అందుకున్నాడు. మాట తప్పలేదు, ఆ మాత్రం చెప్పాలి. "పాట నాది కాదు. యాదవ్వది. కొత్త అట్ట మీద పేరు కొట్టిస్త."

వాడంతా లేచింది. రాయమల్లు తెరను ముద్దు పెట్టుకున్నాడు. యాదవ్వ మాత్రం నిలబడ్డచోటే నిలబడి, నోరు తెరిచి, ఆ మాటను ఇంకోసారి వినాలన్నట్టు మైకు వైపు చూస్తోంది.

"మరి నాది?" అన్నది పోశవ్వ.

యాదవ్వ మైకు వైపు నుంచి ఇటు తిరిగింది.

"అందరు విన్నరు గద. పిచ్చుక నాది. పిచ్చుక లేకుంటె గా పాట ఏముంటది? పులీ నక్కా అనుకుంట ఈడనే ఉంటుండె."

"ఒక్క మాటకు పేరు కావాల్నా నీకు?" అన్నది యాదవ్వ. "ఆకు నాది, దారం నాది, పేగు నాది, గంప నాది."

"గంపల పిచ్చుక వాలింది గద అక్కా."

"అయితే ఎవరి పేరు రాయాలె?" అన్నాడు జగపతిరావు. జేబులోంచి పెన్ను తీసి పట్టుకుని ఉన్నాడు పాపం.

ఇద్దరూ నా వైపు చూశారు. న్యాయం చెప్పడం నా పని కదా. నిజానికి ఆ పాటలో జనానికి నచ్చేది పిచ్చుకే. మీటింగుల్లో ఆ చరణం దగ్గరే చప్పట్లు పడతాయి. అది నాకు తెలుసు. యాదవ్వకు ఇంకా బాగా తెలుసు. ఇన్ని రోజులు ఆమె మనసులో పిచ్చుక కూడా తనదే అని ఉంది. నమ్మే ఉంది, అబద్ధం కాదు. ఇప్పుడు తన గొంతే పదిమందిలో కాదని చెప్పింది.

యాదవ్వ పోశవ్వను చూసింది, మరిదిని పెండ్లాడి వచ్చిననాటి నుంచి గోడ అవతల గొణుగుతున్న మనిషిని.

"రాయి," అన్నది జగపతిరావుతో. "పాట యాదవ్వది. పిచ్చుక పోశవ్వది. గట్లనే రాయి, ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ కావద్దు."

ఆయన రాసుకున్నాడు. ఆడవాళ్లు పాట ఎత్తమన్నారు. యాదవ్వ మైకు తీసుకుని పాడింది, ఆకు అయింది, దారం అయింది, గంప గడప దాకా వచ్చింది. అక్కడ ఆగి, మైకు తీసుకుపోయి పోశవ్వ నోటి ముందు పెట్టింది.

పోశవ్వకు పాడటం రాదు. ముక్కుతో, బెదిరిన గొంతుతో, శ్రుతి ఎటు పోయిందో తెలియకుండా, "గింజలేరే పిచ్చుకోలె" అన్నది. అంత అన్యాయమైన పాట నేను వినలేదు. వాడంతా కేకలు పెట్టింది, ఇంకోసారి అనమని. పోశవ్వ ఇంకోసారి అన్నది, మొదటిసారి కన్నా గట్టిగా.